ముందు గాలి చూడు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా నాన్నకి ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అందులో ఆయన తప్పేం లేదు, ఒక్కోసారి నాకూ అర్థం కాదు. కానీ ఆయనకి అస్సలు మింగుడు పడనిది వేరే ఉంది. డబ్బులిచ్చి గడ్డి విత్తనాలు కొని చల్లడం, డబ్బులిచ్చి ఎరువెయ్యడం, నీళ్ళు పెట్టి మరీ పెంచడం, తీరా అది పెరిగాక ఇంకా ఎక్కువ డబ్బులిచ్చి కొన్న మెషిన్‌తో కోసి అక్కడే పారేయడం. 2019 ఆగస్టులో మొదటిసారి నార్త్ కరోలినా వచ్చినప్పుడు మా పెరడంతా కలియదిరిగి, "ఒక్క గేదె కూడా లేదు కదరా, మరి ఎవరి కోసం ఇదంతా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. వీధిలో అందరూ కోస్తున్నారు కాబట్టి కోస్తున్నానని చెప్తే బాగుండదు కదా.

మాది నూజివీడు పక్కన ఒక ఊరు. (కృష్ణా జిల్లా అని రాయబోయి ఆగాను. 2022 ఏప్రిల్ నుంచీ మేం ఏలూరు జిల్లా వాళ్ళం. చెయ్యింకా అలవాటు పడలేదు.) నాన్నకి ఆరెకరాల మామిడి తోట ఉంది. సగం బంగినపల్లి, సగం చిన్నరసాలు, గట్టు వెంట నాలుగు కలెక్టరు చెట్లు. ఆయన దృష్టిలో గడ్డి అంటే శత్రువు. నా దృష్టిలో గడ్డి అంటే శనివారం. మా ఇద్దరికీ మధ్య ఉన్న తేడా అంతా ఇందులో ఉందని చాలాకాలం అనుకునేవాడిని.

ఆ ఏడాదే నేను వాడేసిన మెషిన్ ఒకటి కొన్నాను, కూర్చుని తోలే రకం. స్టీరింగు, సీటు, నాలుగు చక్రాలు ఉంటాయి. కింద బోర్లించిన మూకుడులాంటి ఇనప భాగం వేలాడుతూ ఉంటుంది, దాన్ని డెక్ అంటారు. బ్లేడ్లు తిరిగేది దాని లోపలే. చూడగానే నాన్న మొహం వెలిగిపోయింది. "బుల్లి ట్రాక్టరు కొన్నావే!" అన్నారు. అది గడ్డి మాత్రమే కోస్తుందని చెప్పాక ఆ వెలుగు కాస్త తగ్గింది.

మొదటి రోజే తేడా కనిపించింది. వెళ్ళిన ప్రతి వరసలోనూ ఎడమవైపు గడ్డి నున్నగా గొరిగినట్టు, కుడివైపు కాస్త ఎత్తుగా. మొత్తం పెరడు చారల చొక్కా వేసుకున్నట్టు తయారైంది. మా దగ్గర వేసే ఫెస్క్యూ గడ్డిని మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచాలి. అంతకంటే బాగా కిందకి కోస్తే వేసవిలో ఎండిపోతుంది. ఒక్కసారికి పొడవులో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదని ఇంకో నియమం. నేను ఎడమవైపు సగానికి సగం తీసేశాను.

మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్న నాన్న, "ఎడమవైపు వెనక చక్రంలో గాలి తక్కువుంది చూడు" అన్నారు.

నేను చూడలేదు. ఎందుకు చూడలేదంటే, ఆయన మెషిన్ చూసి అరగంట అయింది, నేను దాని మీద రెండు రాత్రులు వీడియోలు చూశాను. "అది కాదు నాన్నా, డెక్ లెవెల్ తప్పింది" అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

డెక్ లెవెల్ చేయడం అసలు కష్టమైన పనేం కాదు. ఇంజను ఆపాలి, తాళం తీసెయ్యాలి, స్పార్క్ ప్లగ్ వైరు పీకెయ్యాలి, చేతులకి మందపాటి గ్లవ్స్ వేసుకోవాలి. డెక్‌ని మామూలుగా కోసే ఎత్తులో పెట్టాలి. బ్లేడుని చేత్తో తిప్పి అడ్డంగా నిలిపి, ఎడమవైపు కొస నేల నుంచి ఎంత ఎత్తుందో, కుడివైపు కొస ఎంత ఎత్తుందో కొలవాలి. రెంటికీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతు దాటకూడదు. దాటితే డెక్‌ని మోస్తున్న కడ్డీకి ఉన్న నట్టు తిప్పి ఆ పక్కని ఎత్తడమో దించడమో చేయాలి. పక్కలు సరిపోయాక బ్లేడుని నిలువుగా తిప్పి ముందూ వెనకా కొలవాలి. ఇక్కడ మాత్రం రెండూ సమానంగా ఉండకూడదు. ముందు కొస వెనకదాని కంటే కొంచెం కిందకి ఉండాలి, ఎనిమిదో వంతు నుంచి మూడు ఎనిమిదో వంతుల దాకా. అప్పుడు గడ్డి ముందువైపే ఒక్కసారి తెగుతుంది. వెనక కిందకి ఉంటే కోసిందాన్నే మళ్ళీ కోస్తూ ఇంజను మూలుగుతుంది. ఈ వరస కూడా ముఖ్యమే. ముందు పక్కలు, తరువాత ముందూ వెనకా. తిరగేసి చేస్తే రెండోది మొదటిదాన్ని చెడగొడుతుంది.

ఇవన్నీ నేను శ్రద్ధగా చేశాను. ఎడమవైపు అర అంగుళం కిందకి ఉంది. నట్టు తిప్పి లేపాను. మర్నాడు కోస్తే చారలు మాయం! నాన్నని పిలిచి చూపించాను కూడా. "బాగుంది" అన్నారు. ఆ "బాగుంది"లో ఏముందో అప్పుడు పట్టుకోలేకపోయాను.

మూడు వారాల తరువాత, నాన్న తిరిగి ఇండియా వెళ్ళిపోయాక, ఆ టైరు పూర్తిగా దిగిపోయింది. పంక్చరు వేయించి పుస్తకంలో చెప్పినంత గాలి కొట్టాను. కోస్తే ఈసారి కుడివైపు గొరుగుడు, ఎడమవైపు ఎత్తు! మనవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. ఎక్కడో ఒక బగ్ ఉంటుంది. అది తెలియక వేరేచోట దానికి తగ్గట్టు ఒక సర్దుబాటు రాస్తాం. రెండు తప్పులూ కలిసి సరైన జవాబు ఇస్తుంటాయి. ఏడాది తరువాత ఎవడో బుద్ధిమంతుడు అసలు బగ్ సరిచేస్తాడు, ప్రొడక్షన్ కుప్పకూలుతుంది, తిట్లు ఆ బుద్ధిమంతుడికి. నా విషయంలో ఇద్దరూ నేనే :)

అప్పుడు మెషిన్‌తో వచ్చిన పుస్తకం తెరిచాను. డెక్ లెవెల్ చేయడం అనే అధ్యాయంలో మొదటి మాట: బండిని చదునైన నేల మీద నిలపండి, టైర్లలో గాలి సరిచూడండి. డెక్ వేలాడేది బండి చట్రానికి, చట్రం నిలబడేది చక్రాల మీద. కాబట్టి గాలి తగ్గిన పక్క డెక్ కూడా దిగుతుంది. కడ్డీలు, నట్లు అన్నీ ఆ తరువాత. ఆ మాట నాకు మెట్ల మీద కూర్చున్నాయన కాఫీ తాగుతూ ఉచితంగా చెప్పాడు. నేను ఫోన్ చేసి ఒప్పుకున్నానా అంటే, లేదు. తీరిక దొరకలేదని అనుకుందాం.

ఇక 2024 జూలై. పిల్లల సెలవులకి ఊరెళ్ళాం. కాయ కోతలు అయిపోయాయి, రెండు మంచి వానలు పడ్డాయి, తోటలో కలుపు మోకాలెత్తు లేచింది. గరిక, తుంగ, వయ్యారిభామ, ఏది కావాలంటే అది. నాన్న రోటావేటర్ పిలిపించే ఆలోచనలో ఉన్నారు. నేను అప్పటికి ఏడాదిగా ఫోన్లో ఆయన చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను, దున్నొద్దు అని. మామిడికి తిండి తెచ్చే సన్న వేళ్ళు చాలావరకు పైపొరలోనే ఉంటాయి, రోటావేటర్ వాటిని తెంపుతుంది. గరికనీ తుంగనీ ముక్కలు చేసి తోటంతా నాటిపెడుతుంది. పిండిలా చేసిన ఎర్ర నేల పెద్ద వాన వస్తే కొట్టుకుపోతుంది. గడ్డిని కోసి అక్కడే వదిలేస్తే నేలకి దుప్పటిలా ఉంటుంది. ఇవేవీ అబద్ధాలు కావు. ఇప్పటికీ నేను ఆ మాట మీదే ఉన్నాను.

"ఇవన్నీ నువ్వు మన నూజివీడు మామిడి పరిశోధనా స్థానం వాళ్ళని అడిగావా, వాట్సాపుని అడిగావా?" అన్నారు నాన్న.

ఆయన వాదన ఆయనకుంది. పండు ఈగ పురుగులు రాలిన కాయల్లోంచి నేలలోకి దిగి అక్కడే గూడు కడతాయి. కోతలవగానే ఒకసారి దున్నితే ఆ గూళ్ళు పైకొచ్చి ఎండకి మాడతాయి, పిట్టలు తింటాయి. పిండినల్లి గుడ్లు కూడా చెట్టు మొదట్లో మట్టిలోనే ఉంటాయి. గడ్డి వదిలేస్తే ఎండాకాలానికి ఎండి ఒక్క బీడీ ముక్కకి తోట తగలబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కాయ కోసేవాళ్ళు గడ్డిలో నడవాలి. "రక్తపింజరి గడ్డిలో కనపడదురా. నువ్వు కోసేచోట పాములుంటాయా?" అని అడిగారు. నా పెరట్లో ఉండేది కుందేళ్ళు.

చివరికి ఆ ఏడాదికి నా మాట నెగ్గింది. రోటావేటర్ బదులు స్లాషర్. ట్రాక్టరు వెనక తగిలించే గడ్డి మెషిన్ అన్నమాట, మా డెక్‌కి పెద్దన్నయ్య. అద్దెకి తోలే కుర్రాడు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. "నేను లెవెల్ చేస్తాను" అన్నాను. ఈసారి మొట్టమొదట చేసిన పని ఏమిటో చెప్పుకోండి చూద్దాం. అవును, ట్రాక్టరు టైర్లలో గాలి చూశాను! నాన్న వైపు ఓరగా చూశాను కూడా. ఆయన పేపరు చదువుకుంటున్నారు.

స్లాషర్ కూడా ఆ సూత్రం మీదే నడుస్తుంది. ఐర్లండువాడు హ్యారీ ఫెర్గూసన్ 1920లలో పేటెంటు తీసుకున్న మూడు బిందువుల లింకు, 1939లో ఫోర్డు ట్రాక్టరుతో బయటికొచ్చి, ఇవాళ నూజివీడులో ఏ ట్రాక్టరు వెనక చూసినా కనిపిస్తుంది. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింకు. పక్కల లెవెల్ కోసం కుడివైపు కడ్డీకి ఉన్న మర తిప్పాలి. ముందూ వెనకా కోసం టాప్ లింకుని పొడుగో పొట్టో చేయాలి. ఇక్కడా ముందు అంచు వెనకదాని కంటే అర అంగుళమో అంగుళమో కిందకి ఉండాలి. కొలతలన్నీ ఇంజను ఆపి, షాఫ్టు తిరగడం ఆగాక, డెక్ కింద చెక్క దిమ్మలు పెట్టి తీసుకోవాలి. ఎత్తిన మెషిన్ కింద ఊరికే చెయ్యి పెట్టకూడదు. మా నాన్న తరంలో నాగలి లోతు మార్చాలంటే కాడికి కట్టే తాడు ముందుకో వెనక్కో జరిపి కట్టేవారు. ఒక కోణం మారిస్తే ఇంకోచోట లోతు మారుతుందన్న తెలివి అప్పుడూ ఇదే.

సిమెంటు వాకిట్లో టేపు పెట్టి కొలిచి, మిల్లీమీటర్ల దాకా సరిచేశాను. కోసే ఎత్తు మూడంగుళాలు పెట్టాను. ఎందుకు మూడు అంటే, మా పెరట్లో మూడు కాబట్టి. కుర్రాడు, "అన్నయ్యా, కొంచెం లేపితే మంచిదేమో" అన్నాడు. లెవెల్ బాగుంటే ఏమీ కాదన్నాను.

మా వాడికి అప్పుడు పదేళ్ళు. తాతయ్య తోటలో ట్రాక్టరు చూడాలని వెంటపడ్డాడు. అమెరికాలో నేను గడ్డి కోసేటప్పుడు వాణ్ణి ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టనివ్వను. అది నాకు వేదం. ఇక్కడ మాత్రం సరేనన్నాను. ఊరు కదా, చెట్ల మధ్య కదా, దూరంగానే ఉంటాడు కదా. ఎన్ని 'కదా'లో చూడండి.

మాది పాత తోట. చెట్టుకీ చెట్టుకీ ముప్ఫై అడుగుల దూరం ఉంటుంది. ట్రాక్టరు తిరగడానికి చోటుకి లోటు లేదు. కానీ ఒకప్పుడు నీళ్ళు పారిన బోదెలు, చెట్ల చుట్టూ తీసి వదిలేసిన పాదులు గడ్డి కింద అలాగే ఉన్నాయి. మూడో వరసలో కుడి చక్రం పాత బోదెలోకి దిగింది. వెనక స్లాషర్ ఒక పక్కకి ఒరిగి నేలని కొరికింది. పెద్ద చప్పుడు, ఆ వెంటనే టప్ మని ఇంకో చప్పుడు.

నాన్న చెయ్యెత్తి కేక పెట్టేశారు. ట్రాక్టరు ఆగింది. మా వాడు నిలబడ్డ చెట్టు పక్క చెట్టుకి, సరిగ్గా వాడి ఛాతీ ఎత్తులో, బెరడు చిట్లి ఉంది. గుడ్డంత గులకరాయి మొదట్లో పడి ఉంది. చూస్తుండగానే గాటులోంచి జిగురు ఊరడం మొదలైంది.

నాన్న నన్నేమీ అనలేదు. వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి మా అమ్మకి అప్పగించి, చేతికర్ర పట్టుకుని వచ్చారు. కోయాల్సిన ప్రతి వరసలోనూ ఆ చివరి దాకా నడిచారు. కర్రతో గడ్డి కదుపుతూ, రాయి కనిపిస్తే తీసి గట్టు మీదకి విసురుతూ, కొబ్బరి డొక్కలు, తెగిన తీగ ముక్కలు ఏరుతూ, బోదె వచ్చినచోట గుర్తుగా కొమ్మ పాతుతూ. నేను వెనకాలే నడిచాను. అరవై ఏళ్ళుగా ఆ నేల తొక్కినాయన కూడా కోసే ముందు మళ్ళీ నడిచి చూసుకుంటున్నాడు. పదిహేను రోజుల కోసం వచ్చిన నేను వాకిట్లో కొలిచి వచ్చాను.

నడక అయ్యాక ఒక్క మాట అన్నారు. "గడ్డి ఎత్తు గడ్డిని చూసి పెట్టేది కాదురా. నేలని చూసి పెట్టేది."

ఆరంగుళాలకి లేపాం. కొలతల పుస్తకం ప్రకారం అది అందమైన కోత కాదు. అక్కడక్కడా తుంగ తల ఎగరేసి కనిపిస్తూనే ఉంది. కానీ మళ్ళీ ఎక్కడా నేల తగల్లేదు. చెట్ల మొదళ్ళ దగ్గర మెషిన్ పోనివ్వకుండా మనుషుల చేత కలుపు తీయించాం. కోతలైన వెంటనే ఒక్కసారి మాత్రం, మొదళ్ళకి దూరంగా, వరసల మధ్య పైపైన గొర్రు తోలడం, తరువాత వానాకాలమంతా స్లాషర్. ఇదీ మా ఇద్దరికీ కుదిరిన ఒప్పందం. ఆయన పండు ఈగకీ నా సన్న వేళ్ళకీ మధ్య రాజీ.

దీని మీద నాకో అభిప్రాయం ఏర్పడింది, చెప్పి ముగిస్తాను. మనలో చాలామందికి ఊళ్ళో రెండెకరాలో పదెకరాలో ఉంది, చూసుకునే పెద్దవాళ్ళున్నారు, మన చేతిలో ఫోనుంది. దున్నకండి, మందు కొట్టకండి, చెట్లు తీసి పామాయిల్ వేయండి, అమ్మేసి మా దగ్గరికి వచ్చేయండి. ఎన్ని నట్లు తిప్పుతున్నామో! చెప్పేదాంట్లో విషయం ఉండొచ్చు. నేను దున్నొద్దన్నదాంట్లోనూ ఉంది. కానీ మనం కొలుస్తున్నది మన వాకిట్లో నిలబడి. కొలత తప్పు కాదు, వాకిలి అక్కడిది కాదు. మా చుట్టుపక్కల ఎన్నో మామిడి తోటలు కొట్టేసి పామాయిల్ వేశారు. మా తోట ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. ఆ నిర్ణయం ఫోన్లో మాత్రం చెప్పకూడదని అనుకున్నాను. వెళ్ళినప్పుడు ముందు ఆ వరసల్లో నడవాలి, ఆ తరువాతే నోరు విప్పాలి.

అన్నట్టు, తిరిగొచ్చేముందు రోజు రాత్రి 2019 నాటి టైరు సంగతి నాన్నకి చెప్పేశాను. "తెలుసులే" అన్నారు. "అప్పుడే ఎందుకు గట్టిగా చెప్పలేదు?" అంటే, "చెప్పాగా" అన్నారు.

ఇప్పుడు శనివారం పొద్దున్నే ఫోన్ చేస్తే, అక్కడ సాయంత్రం, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారు.

"గడ్డి కోస్తున్నావా?"

"ఆ, ఇప్పుడే నాన్నా."

"గాలి చూశావా?"

"చూశా."

"పిల్లాడెక్కడ?"

"ఇంట్లోనే ఉన్నాడు."

"సరే, కానీ."